జంగమయ్యకు చెప్పని కబురు

తలుపు తోయగానే లోపలి నుంచి గబ్బిలాల వాసన, దాని వెనకే ముక్కిన కొబ్బరినూనె వాసన వచ్చాయి. గబ్బిలాల సంగతి ఎలా ఉన్నా, ఆ నూనె వాసనకు నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి. ఉప్పలగుప్తం దగ్గర మా ఊళ్లో, కొబ్బరితోటల చివర ఉన్న జంగమయ్య గుడి ఇది. ఇప్పుడు మూడు వైపులా రొయ్యల చెరువులే. చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే చక్రాల చప్పుడు, మధ్యాహ్నపు ఎండ, నీళ్ల మీద నుంచి గోడల మీదకు పాకి కదిలే వెలుగు. గుడి నిద్రపోతున్నట్టూ, నేను దాని కలలోకి వచ్చినట్టూ ఉంది.

జంగమయ్య అనే శివభక్తుడు ఎప్పటి కాలంలోనో గంట, శంఖం పట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరి బాగోగులు అడిగేవారట. ఇక నడవలేననుకున్ననాడు ఇక్కడే కూర్చుని సమాధి అయ్యారట. సమాధి మీద చిన్న లింగం. అన్నాళ్లు ఆయన మన గుమ్మంలోకి వచ్చి అడిగారు కాబట్టి, ఇక మనమే వెళ్లి చెప్పాలన్నది మా ఊరి ఆచారం. దీపం పెట్టినవాళ్లు ఊరి కబురు ఒక్కటైనా చెప్పాలి, లేకపోతే ఆ దీపం పెట్టినట్టే కాదు. నాకు జ్ఞానం వచ్చేసరికి ఆ పని చేసే మనిషి ఒక్కరే మిగిలారు. మా పక్కింటి బసవమ్మ మామ్మగారు.

నేను అయిదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. అప్పటిదాకా నన్ను వసపిట్ట అనేవారు. ఆ తరువాత నా నోట మాట లేదు. మా మేనత్త పాపం వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది, తాయెత్తు కట్టించింది, అమలాపురం డాక్టరుకు చూపించింది. ఇంటికొచ్చిన ప్రతివారూ నా గడ్డం పట్టుకుని ఒక్క మాట అనమ్మా అని బతిమాలేవారు. వాళ్లు బతిమాలేకొద్దీ నేను అత్త కొంగు చాటుకు జరిగేదాన్ని. ఒక సాయంత్రం మామ్మగారు వచ్చి, అత్తను అడిగి, నా చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చారు. దారిలో ఒక్క మాటే అన్నారు.

"నువ్వేం మాటాడక్కర్లేదే అమ్మా. పక్కన కూర్చో, చాలు. ఆయనా మాటాడరు కదా."

అలా ఆవిడ వెంట రోజూ రావడం అలవాటైంది. దీపం వెలిగించి, కాళ్లు చాపుకుని, ఎదురింటివారితో మాట్లాడినట్టు మొదలుపెట్టేవారు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి చేను గాలికి పడిపోయిందో, ఏ కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిందో అన్నీ చెప్పేవారు. కోడళ్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించేవారు, జంగమయ్య తప్ప వినేవాళ్లెవరూ లేకపోయినా సరే. చావు కబురైనా, పెళ్లి కబురైనా అదే గొంతు. మా అమ్మ సంగతీ అలాగే చెప్పారు, నా ముందే, ఉన్నదున్నట్టుగా. అమ్మ గురించి ఎవరైనా నా దగ్గర దాచకుండా మాట్లాడటం అదే మొదటిసారి. నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వానాకాలం మామ్మగారికి జ్వరం వచ్చింది. దీపం పెట్టి రమ్మని నూనెగిన్నె నా చేతికిచ్చారు. కబురు మాట ఎత్తలేదు. దీపం వెలిగించి లేవబోయాను గానీ లేవలేకపోయాను. ఆయన ఎదురుచూస్తున్నట్టే ఉంది. మామ్మగారు ఎందుకు రాలేదోనని బెంగపడతారేమో అనిపించింది.

"మామ్మగారికి ఒళ్లు వెచ్చబడిందండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా, తుప్పు పట్టిన గిలకలా కీచుమంది. పరుగున ఇంటికెళ్లి మామ్మగారికి ఆ మాటే చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపడలేదు, ఎవరినీ పిలవలేదు.

"ఒళ్లు వెచ్చబడ్డమేంటి, జ్వరమని చెప్పలేకపోయేవా? ఉన్నదున్నట్టు చెప్పి చివర అండీ తగిలించాలే అమ్మా. ఆయనేం చంటిపిల్లాడు కాదు," అని గోడవైపు తిరిగి పడుకున్నారు. దుప్పటి కింద ఆవిడ భుజాలు కదలడం చూశాను.

తరువాత నేను నర్సునయ్యాను. ఆసుపత్రి వరండాలో చెప్పలేని కబుర్లు చెప్పవలసి వచ్చినప్పుడల్లా అయినవాళ్ల పక్కన కూర్చుని, ఆవిడ గొంతుతోనే చెబుతాను. అందరూ నన్ను గుండెదిటవు గల మనిషినంటారు. కానీ ఈ వేసవిలో, సఖినేటిపల్లిలో కూతురింట, నేను పక్కన ఉండగానే మామ్మగారు పోయినప్పుడు, ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఫోన్లు వేరేవాళ్లు చేశారు. నేను తల ఊపుతూ ఉండిపోయాను. ఆవిడ ఊరు విడిచినప్పటి నుంచి ఈ గుడి తలుపు తీసినవారు లేరని తెలిసినప్పుడు మాత్రం సెలవు పెట్టి బయలుదేరాను. ఊరందరి చావులూ విన్న ఆయనకు, ఈ చావు ఎవరూ చెప్పలేదు.

బూజు దులిపి, దీపం వెలిగించి కూర్చున్నాను. వానలు ముందే వచ్చాయని చెప్పాను. చుట్టూ చెరువులు తవ్వారని చెప్పాను. దీపం వత్తి ఎగదోశాను. శివైక్యం అనే మాట నాలిక దాకా వచ్చింది, మింగేశాను.

"బసవమ్మ మామ్మగారు చనిపోయేరండి."

చెరువు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. గట్టిగా ఏడ్చాను, ఎవరూ వినని చోట ఏడ్చినట్టు కాకుండా, ఒకరు వింటున్నట్టే ఏడ్చాను. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని కాళ్లు చాపుకున్నాను. ఆవిడ ఆఖరి రోజుల సంగతులు, అల్లుడితో పెట్టుకున్న తగువులు, పెరుగన్నం మీద అలక, ఇంకా ఎన్నో ఉన్నాయి చెప్పవలసినవి. అల్లుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి మొదలుపెట్టాను.