పలుపు విప్పని బేరం

దుడ్డిచ్చి కొన్న వస్తువు మనదైపోతుందని నేను గట్టిగా నమ్మిన కాలమొకటి ఉండేది. కడపలో ఇంజనీరింగ్ చదువుతూ, పిల్లలకు ట్యూషన్లు చెప్పి, టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టె ఒకటి కొన్నాను. అందులో కంపెనీవాళ్లు ఒప్పుకున్న ఆటలే ఆడాలట. నాలాంటి మేధావి (అప్పట్లో నా అభిప్రాయం అదే) ఊరుకుంటాడా? ఎవరో కనిపెట్టిన ఉపాయం పట్టుకుని, కాలేజీ కంప్యూటర్ మీద నేను రాసిన ఆటను అందులో నడిపించాను. ఆటంటే పెద్దగా ఏమీ లేదు, ఒక చేను, దున్నడానికి ఒక మడక, ఎర్రోడు, మైలోడు అని రెండు ఎద్దులు. మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, ట్రాక్టర్ కొన్న ఏడు అమ్మేసి, ఆ తర్వాత బతుకంతా తలుచుకున్న జత అది. అబ్బకు కంటి నరం ఎండిపోతోందనీ, ఆపరేషన్ చేసినా లాభం లేదనీ కర్నూలు డాక్టర్ చెప్పేశాడు. మిగిలిన ఆ కాస్త చూపుతో ఆయన తన ఎద్దులను పెద్ద తెర మీద చూసుకోవాలని నా ఆశ.

సెలవుల్లో పెట్టె మోసుకుని ఆలూరు దగ్గర మా ఊరికి పోయాను. అబ్బ ఉతికిన పంచె కట్టుకుని (చూసేది ఎద్దులనే అయినా) టీవీ ముందు జానెడు దూరంలో కూర్చున్నాడు. నేను ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చాను, ఎందుకిచ్చానో ఆ దేవుడికే తెలియాలి. పెట్టె తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుని, ఆరిపోయి, మళ్లీ వెలిగింది. నా ఉపాయం దూరే సందు పూడిపోయింది. ఈ ప్రోగ్రాంకు అనుమతి లేదని తెర మీద ఇంగ్లీషులో పడితే, అబ్బ చదవలేక, ఎద్దులింకా కొట్టంలోంచి రాలేదనుకుని చాలాసేపు ఓపిగ్గా చూశాడు.

కంపెనీకి ఫోన్ చేశాను. తెలుగు కుర్రాడే దొరికాడు. అంతా నా భద్రత కోసమేనన్నాడు. నా ఎద్దుల వల్ల నాకేం ప్రమాదమో మాత్రం చెప్పలేకపోయాడు. నా వాదన విని అబ్బ ఫోన్ లాక్కున్నాడు.

"ఏమప్పా, మేం ఎద్దును అమ్మితే పలుపు ఇప్పి ఇంటికి తెచ్చుకుంటాం. కొన్నోడు తన పలుపు కట్టుకుని తోలుకుపోతాడు. మీరు అమ్మినాక గూడా పలుపు మెడకే ఇడ్సి, కొస మీ చేతిలో పెట్టుకుండారే. ఇదేం బేరమప్పా?"

ఆ కుర్రాడు ఫిర్యాదు రాసుకున్నానన్నాడు. ఏం రాసుకున్నాడో తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. నేను మాత్రం ఆ పూట గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

ఉద్యోగమొచ్చి, సొంత కంప్యూటర్ కొని టీవీకి తగిలించేసరికి అబ్బకు చూపు పూర్తిగా పోయింది. అయినా ఆట పెట్టాను.

"ఏం చేస్తాండాయిరా?"

"దున్నుతాండాయి అబ్బా."

తెర వైపే ముఖం పెట్టి కూర్చుని, ఎండ శానా ఉండాదా అని అడిగాడు. ఉందన్నాను (ఆ ఎండ పెట్టింది నేనే).

"అట్లయితే ఇడ్సిపెట్టు నాయనా, నీళ్లు తాగనీ."

నా ఆటలో నీళ్ల తొట్టి లేదు. తాగుతాండాయని చెప్పాను. అబ్బ తృప్తిగా తలూపాడు.

ఆయన పోయాక తొట్టి రాశాను. ఇప్పుడు తల నెరిసిన మనిషిని, అప్పుడప్పుడు ఒక్కణ్ణే కూర్చుని ఆ రెంటికీ నీళ్లు తాపుతుంటాను. మా ఆవిడ చూసి నవ్వుతుంది, నాకూ నవ్వొస్తుంది. అవి తాగేదాకా మాత్రం లేవను.