ఆఖరి బెంచీ లేని గది

కామేశ్వరి టీచరు పెందుర్తి నుంచి బడికి రావాలంటే రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో సీటు దొరికిందా, ఆ రోజు ఆవిడకి పండగే. దొరక్కపోతే బడి మెట్లు ఎక్కేసరికే ఒంట్లో ఉన్న ఓపికంతా అయిపోయేది. తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టులో కళాసీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బస్తాలు మోసి మోసి పడుకుంటే తిరిగి లేవలేని మనిషిని చూస్తూ పెరిగింది కాబట్టి, అలసట అంటే ఏమిటో ఆవిడకి పుస్తకాల్లో చదవాల్సిన అవసరం రాలేదు.

సముద్రం ఒడ్డున ఉన్న ఈ హైస్కూల్లో సోషల్ చెబుతూ ఆవిడ ముసలిదైపోయింది. పిల్లల్లో సగం మంది జాలరి ఇళ్లవాళ్లే. తెల్లారకముందే పడవలొస్తాయి. మగపిల్లలు సరుకు దింపి, ఐసు మోసి, స్నానం చేసీ చేయకుండా బడికొస్తారు. అలాంటివాళ్ల కోసం ఆవిడ క్లాసులో ఆఖరి బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. దాని పేరు హార్బరు బెంచీ. మొదటి పీరియడంతా అక్కడ తల వాల్చుకోవచ్చు. బెల్లు కొట్టగానే లేవాలి, పక్కవాడి నోట్సు చూసి రాసుకోవాలి. ఈ రూలు ఎక్కడా రాసి లేదు, ఎవరూ మీరిందీ లేదు. ఆ బెంచీ మీద నిద్రపోయి పదో తరగతి గట్టెక్కినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. లోలోపల కామేశ్వరికి అదో గర్వం.

వేసవి సెలవుల్లో బడి బాగుపడింది. పైకప్పు కారడం మానింది, గోడలకి రంగులొచ్చాయి, వరండా వైపు గోడ పోయి నిలువెత్తు గాజు అద్దం వచ్చింది. ఆ వెనకే లారీలో కొత్త ఫర్నిచర్ దిగింది. చక్రాల బల్లలు, చక్రాల బీరువాలు, రంగురంగుల కుర్చీలు. పాత బెంచీలు సైకిల్ షెడ్డులో గుట్టపడ్డాయి.

"ఇది ఫ్లెక్సిబుల్ క్లాస్‌రూమ్ మేడం. ముందు వరస, వెనక వరస అనేవే ఉండవు. పిల్లలు ఎలా కావాలంటే అలా జరుపుకోవచ్చు," అన్నాడు కంపెనీ కుర్రాడు.

"నా కుర్చీ ఏది బాబూ?"

"మీరు తిరుగుతూ చెప్పాలి మేడం. అదే కొత్త పద్ధతి."

ఆవిడ మోకాళ్లు ఆ పద్ధతిని అప్పుడే అసహ్యించుకున్నాయి.

హెడ్మాస్టరు మోహనకృష్ణ చెడ్డవాడు కాదు, భయస్తుడు. గదిని సర్దించి, పిల్లలెవరూ లేకుండా ఫోటో తీయించి పై ఆఫీసుకి పంపాడు. ఎప్పుడు ఎవరొచ్చినా గది ఫోటోలో ఉన్నట్టే ఉండాలని, ప్రతి బల్ల కింద, ప్రతి బీరువా కింద నేల మీద ఎర్ర టేపు అంటించి, చక్రాలకి బ్రేకులు వేయించాడు. ఎటు కావాలంటే అటు జరిగే బల్లలు తెప్పించి, అంగుళం జరగనివ్వకుండా బిగించిన ఘనత మన బడికే దక్కింది.

బడి తెరిచిన రోజున అప్పలరాజు హార్బరు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి గదంతా వెతికాడు. పదో తరగతి. చురుకైనవాడు. తొమ్మిదంతా హార్బరు బెంచీ మీదే గడిపినా మార్కులు బాగానే తెచ్చుకున్నాడు. వెనక్కి వెళ్దామంటే ఆ గదికి వెనక లేదు. చివరికి అద్దం పక్కన కూర్చున్నాడు. కొద్దిసేపటికే తల బల్లకి ఆనింది.

సరిగ్గా అప్పుడే గది చూడడానికి వచ్చిన ఆఫీసరు అద్దంలోంచి చూశాడు. "ఏమండీ, మీ పాఠం అంత హాయిగా ఉంటుందా?" అని నవ్వాడు.

కామేశ్వరికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గబగబా వెళ్లి కుర్రాడి భుజం పట్టి కుదిపింది. "లేవరా! ఇదేమైనా పడుకునే చోటా?"

వాడు లేచి ఆవిడ వంక చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే. ఆ వారం తర్వాత వాడు బడికి రాలేదు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. కబురు పంపితే జవాబు లేదు. పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గర పడుతోంది. వాడు ఈ ఏడు పరీక్ష రాయకపోతే ఇక బడి మొహం చూడడని ఆవిడకి తెలుసు.

ఒకరోజు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని నేరుగా హార్బరుకే వెళ్లింది. ఐసు పెట్టెలు లాగుతూ కనబడ్డాడు.

"ఏటి మేడం, ఇలాగొచ్చారు?"

"నీ కోసమే. రేపట్నుంచి బడికి రా నాన్నా. నిన్ను లేపను."

"మీరు నేపరు మేడం. అద్దంలోంచి అందరూ సూత్తారు కదా." చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నానిప్పుడు పగలే పడుకుంటన్నాను. బాగానే ఉంది."

ఆ బాగానే ఉంది అన్న మాట ఆవిడకి గుచ్చుకుంది. "పరీక్షలయ్యేదాకానైనా రారా," అని బతిమాలింది.

"సూత్తాను మేడం," అని పెట్టె లాక్కుంటూ వెళ్లిపోయాడు.

"టీచరమ్మా, ఇలా కూకోండి. కాళ్లు పీకుతున్నట్టున్నాయి," అంటూ చేపలమ్మే చిట్టమ్మ ఓ ట్రే బోర్లించింది. కూర్చున్నాక చూస్తే, చిట్టమ్మ పక్కన రొయ్యలు ఒలుస్తున్న పిల్ల తన క్లాసు సూర్యకళ. రెండు జడలు వేసుకుని, బెంచీలున్న రోజుల్లో ఎప్పుడూ ముందు కూర్చున్న పిల్ల.

"నువ్వేమిటే ఇక్కడ?"

"రోజూ వత్తాను మేడం. ఏడో తరగతి కాడ్నించీ."

"మరి క్లాసులో ఒక్కనాడూ తూగలేదే?"

సూర్యకళ నవ్వింది. "ఎక్కడ తూగుతాను మేడం? హార్బరు బెంచీ మగపిల్లలది కదా."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అంది. కామేశ్వరికి మాత్రం తల తీసేసినట్టయింది. ఇన్నేళ్లుగా తను గర్వపడ్డ బెంచీ మీద ఆడపిల్ల ఒక్కతె కూడా పడుకోలేదన్న సంగతి ఇప్పుడే తట్టింది. అలసట మగపిల్లలకే వస్తుందని తను ఎలా అనుకుంది?

మర్నాడు అందరికంటే ముందే బడికి వచ్చింది. గోళ్లతో ఎర్ర టేపు పీకేసి, చక్రాల బ్రేకులు వదులు చేసి, పెద్ద బీరువాని అద్దానికి అడ్డంగా తోసింది. వరండాలోంచి కనబడకుండా దాని వెనక ఒక బల్ల, రెండు కుర్చీలు వేసేసరికి ఆయాసం వచ్చింది.

మోహనకృష్ణ తొంగిచూశాడు. "ఫోటోలో ఇలా లేదు కదండీ మేడం."

"ఫోటోలో పిల్లలు కూడా లేరండీ."

"ఎవరైనా వస్తే?"

"నేను చెప్పుకుంటాను."

ఆయన వరండాలో అటూ ఇటూ చూసి, తన గదికి వెళ్లిపోయాడు.

మొదటి బెల్లు కొట్టాక కామేశ్వరి, "సూర్యకళా, వెళ్లి పడుకో," అంది. పిల్ల నమ్మలేనట్టు అటూ ఇటూ చూసి, బీరువా వెనక్కి వెళ్లింది. టీచరు పుస్తకం తీసేలోపే నిద్రపోయింది.

కామేశ్వరి గొంతు తగ్గించి పాఠం మొదలుపెట్టింది. మోకాళ్లు సలుపుతున్నాయి. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది, తను కూర్చోవచ్చు. కూర్చోలేదు. తలుపు వైపు చూస్తూ నిలబడే చెప్పింది. బెల్లు కొట్టేదాకా అప్పలరాజు రాలేదు.