బద్ధకం అన్న మాట

కొండ మలుపు నుంచి హార్బరు కనబడాలని సరుగుడు వరస కొట్టించినవాడు తోట సూపరింటెండెంటు. అడ్డం పోయాక ఉప్పుగాలి లోపలికొచ్చి చెట్లు మాడిపోతే, ఆకులు కడగడం మానేసిందని నింద మా పిన్ని మీద వేశాడు. పెళ్ళికి ముందునుంచీ ఆ చెట్ల మధ్యే బతికిన మనిషిని తీసుకెళ్ళి గేటు దగ్గర టిక్కెట్లు చింపడానికి కూర్చోబెట్టారు.

అక్కడివన్నీ వెచ్చటి దేశాల మొక్కలు. చలికీ ఆగవు, ఉప్పుకీ ఆగవు. సముద్రం మీంచి గాలి కొట్టిన మర్నాడు, ఎండెక్కకముందే ఆకులన్నీ మంచినీళ్ళతో కడగాలి. ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియడానికి పిన్ని ఆకుని నాలుకతో తాకి చూసేది.

"అందరూ ఆడదాన్ని కట్టుకుంటే నేను మేకను కట్టుకున్నానురా" అనేవాడు బాబాయి. ఆయన హార్బరులో క్రేను నడుపుతాడు.

"మేకైతే మీకు వండిపెట్టేదా?" అనేది పిన్ని.

ఈ వేసవికి నేను వెళ్ళేసరికి ఆ వేళాకోళాలు లేవు. వాళ్ళ ఇల్లు ఐసు ఫ్యాక్టరీ వెనక రెండు గదులు. మిషను ఆడినంతసేపూ గోడలు వణుకుతాయి, అలమరలో గిన్నెలు కదులుతాయి. ఆ చప్పుడే వింటూ ముగ్గురం అన్నాలు తిన్నాం.

మర్నాడు గేటు దగ్గరికి వెళ్ళాను. పిన్ని తోటకి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. లోపలికెళ్ళేవాళ్ళ మొహాలు చూడదు. బయటికొచ్చేవాళ్ళని మాత్రం ఆపి అడుగుతుంది.

"కొలను పక్కన పెద్ద ఫెర్న్ చెట్టు ఇంకా నిలబడుందాండీ?"

"నువ్వే వెళ్ళి చూసుకోరాదూ?" అని నవ్విందొకావిడ.

డ్యూటీలో గేటు వదలకూడదు. డ్యూటీ దిగేసరికి తోట మూసేస్తారు.

ఆ వారమే సూపరింటెండెంటు కబురు పెట్టాడు. పై ఆఫీసువాళ్ళు తనిఖీకి వస్తున్నారు. తప్పు నాదేనని పిన్ని వాళ్ళ ముందు ఒప్పుకుంటే మళ్ళీ తోటలోకి తీసుకుంటాడు. లేకపోతే రిటైరయ్యేదాకా గేటే.

"ఆ ఒక్క ముక్కా అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు బాబాయి.

"చెట్లు కొట్టించినవాడు దర్జాగా ఉంటే, రోజూ కడిగిన మనిషి తలొంచుకోవాలా?" అన్నాను.

"నువ్వు నాలుగు పుస్తకాలు చదివి, నాలుగు రోజులుండి పోయేవాడివి. ఏడాది పొడుగునా ఈ మొహం చూడాల్సింది నేను."

"కూర చల్లారిపోతోంది. ఇద్దరూ నోళ్ళు మూసుకు తినండి" అంది పిన్ని.

తనిఖీ రోజు పనిముట్ల షెడ్డు ముందు పనివాళ్ళందరినీ నిలబెట్టారు. నేను కంచె బయటినుంచి చూశాను. పిన్ని రెండడుగులు ముందుకొచ్చింది.

"గాలి కొట్టిన రోజుల్లో నేను కడగలేదండీ. బద్ధకించాను."

బద్ధకం అనమని ఆమెకెవరూ చెప్పలేదు. సూపరింటెండెంటు పెద్ద మనసుతో క్షమించినవాడిలా తలూపాడు. వచ్చినవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. ఇలాంటివాళ్ళ తలూపుళ్ళ మీదే లోకం నడుస్తోంది.

నేను ఊరికి బయల్దేరే రోజు పొద్దున్నే తోటలోకి వెళ్ళాను. సరుగుళ్ళు ఉన్నచోట సిమెంటు బెంచీలు వేశారు. మళ్ళీ మొక్క నాటే ఆలోచన ఎవరికీ లేదు. గాలి తిన్నగా వచ్చి మొహాన కొడుతోంది. కొలను పక్కన ఫెర్న్ నిలబడే ఉంది గానీ, ఆకులన్నీ కాల్చిన కాగితాల్లా వేలాడుతున్నాయి. నడినెత్తిన ఒక్క చిగురు మాత్రం ఇంకా చుట్ట విప్పకుండా ఉంది. పిన్ని దాన్ని కడుగుతోంది.

"రేపు ఇది చచ్చినా నీ బద్ధకమే అంటారు" అన్నాను.

"అంటారు."

"ఆ మాట ఎందుకు కలిపావు పిన్నీ?"

"కడగలేదని ఊరుకుంటే, ఎందుకు కడగలేదని అడుగుతారు. అప్పుడు నిజం నోట్లోంచి వచ్చేస్తుంది." నీళ్ళు సన్నబడితే కిందికి చూసింది. "పైపు తొక్కుతున్నావురా. కాలు తీయి."