బామ్మగారి ఇరవయ్యో ఏడు

ఆవిడ పందొమ్మిదో ఏట బామ్మ అయింది. ప్రకృతి ధర్మం ప్రకారం బామ్మ కావడానికి ముందు పెళ్లి, పిల్లలు, ఆ పిల్లల పెళ్లిళ్లు మొదలైన అవాంతరాలు కొన్ని ఉంటాయి. రేడియో స్టేషన్ వాటన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో దాటించేసింది. నాయిక వేషానికి గొంతు పరీక్ష ఇద్దామని వెళ్తే, బామ్మ వేషం కట్టాల్సిన పెద్దావిడ జ్వరమొచ్చి రాలేదు. "కాస్త వణికించి చదువమ్మాయ్, ఈ ఒక్కపూటకే," అన్నారు. వణికించింది. ఆ ఒక్కపూట నలభై ఏళ్లు దాటినా అవలేదు.

అది అలాంటిలాంటి వణుకు కాదు. మాట చివర చిన్న దగ్గు, దగ్గు చివర నిట్టూర్పు, నిట్టూర్పు చివర మళ్లీ మాట. శ్రోతలు కరిగి నీరై, ఆవిడ మోకాళ్లకు తైలం సీసాలు పంపేవారు. ఆ మోకాళ్లు అప్పట్లో స్టేషన్ మెట్లను రెండేసి చొప్పున ఎక్కేవి. నిజం మనవరాలు పుట్టేనాటికి ఆవిడకు బామ్మ ఉద్యోగంలో పాతికేళ్ల అనుభవం ఉంది.

ఉద్యోగం ఇంటికి తెచ్చుకోకూడదంటారు. వణుకు మాత్రం ఆవిడ వెనకాలే వచ్చి ఇంట్లో తిష్ఠ వేసింది. కూరలవాడితో బేరమాడేటప్పుడు పనికొచ్చింది, క్యూలో ముందుకు పోవడానికి పనికొచ్చింది. చివరికి కట్టుకున్నవాడితో కూడా అదే గొంతు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆ మహానుభావుడు, "జీతం ఇవ్వనిచోట కూడా వేషమెందుకే?" అని కొన్నాళ్లు అడిగి, ఆ తర్వాత అలవాటు పడ్డాడు. అలవాటు పడనివాడు డ్రైవరు కాలేడు, మొగుడు అసలే కాలేడు.

కొరతంటూ లేని బతుకు. ఒక్క ముల్లు మాత్రం మిగిలింది. ఏ వేషం కోసం ఆ మెట్లెక్కిందో, ఆ వేషం ఒక్కసారైనా కట్టలేదు.

ఇలా ఉండగా స్టేషన్‌లోకి "రైలు పుట్టని లోకం" అనే నాటకం వచ్చింది. అందులో చరిత్ర వేరే దారి పడుతుంది. రైలుబండి లేదు, ఉన్నవన్నీ కాలవలూ పడవలూ. పెళ్లికి బయల్దేరినవాళ్లు పిల్ల పుట్టాక చేరుతుంటారు. కారణం, ఆవిరి బండి కనిపెట్టబోయిన ఒక తండ్రికి ఇరవయ్యేళ్ల కూతురు ఉండటం. నాన్న చేసిన ఇనప భూతం పెరట్లో పొగలు కక్కుతుంటే ఇరుగుపొరుగు నవ్వుతున్నారని, ఆ పిల్ల ఏడ్చి మొత్తుకుని దాన్ని విరగ్గొట్టించింది. ముసలిదయ్యాక బుద్ధొచ్చి, కాలంలో వెనక్కి వెళ్లే యంత్రమెక్కి, ఇరవయ్యేళ్ల తనకే నచ్చజెప్పడానికి వస్తుంది.

యంత్రం తయారీ బాధ్యత చప్పుళ్ల బాబాయిది. ఉరుములు, గుర్రాలు, తలుపు కిర్రుమనడాలు అన్నీ ఆయన చేతిచలవే కనక ఆ పేరు. ఇనప బకెట్లో గోళీలు పోసి తిప్పాడు. గతానికి ఎడమవైపు, భవిష్యత్తుకు కుడివైపు. వినేవాళ్లకు తేడా తెలియదని దర్శకుడంటే, "నాకు తెలుస్తుంది కదండీ," అన్నాడు గంభీరంగా.

ముసలామె వేషం బామ్మగారిదే, అందులో చర్చ లేదు. చిక్కంతా పిల్లతోనే వచ్చింది. ఇద్దరూ ఒకే మనిషని వట్టి చెవులతోనే తెలియాలి. వచ్చిన అమ్మాయిలందరూ బాగా చదివారు, కానీ ఎవరి గొంతు విన్నా ఎవరో పరాయి పిల్లే. ముప్ఫై నిండని దర్శకుడు తల పట్టుకున్నాడు.

"ఆ పిల్ల వేషం కూడా నేనే చదవనా, నాయనా?" అంది బామ్మగారు. గాజు గ్లాసులో టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా.

దర్శకుడికి పొలమారింది. "మీరా? ఇరవయ్యేళ్ల పిల్లండీ బామ్మగారూ..."

"ఇరవయ్యేళ్లప్పుడు అరవయ్యేళ్ల దానిగా పనికొచ్చాను. అరవై దాటాక ఇరవైకి పనికిరానా?"

ఈ తర్కానికి తలొగ్గి ఒక అవకాశం ఇచ్చారు. బామ్మగారు గొంతు సవరించుకుని, బుగ్గలు లోపలికి లాగి, సన్నగా, తియ్యగా మొదలుపెట్టింది. తోక తొక్కిన పిల్లి గుర్తొచ్చింది అందరికీ.

"అక్కా," అన్నాడు బాబాయి, "ఏమీ అనుకోకు. అది ఇరవయ్యేళ్ల పిల్ల కాదు. అంగట్లో బొమ్మ కోసం ఏడుస్తున్న పిల్ల."

"చూద్దాం లెండి," అన్నాడు దర్శకుడు. 'కుదరదు' అన్న మాటను పెద్దల దగ్గర అలాగే పలుకుతారని బామ్మగారికి తెలుసు. అయినా మైకు ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు కదిలితే ఇంక ఈ జన్మకి లేనట్టే.

"ఎదుటి మాట లేకుండా ఎలా చదవను? ముసలిదాని మాటలు ఎవరైనా అందివ్వండి. ఒక్కసారే."

దర్శకుడే కాయితం తీసుకున్నాడు. ముసలామె అంటే ఎలా చదవాలి? ఊళ్లో అందరికీ తెలిసినట్టే అతనికీ తెలుసు. మాట చివర దగ్గు, దగ్గు చివర నిట్టూర్పు. "త... తల్లీ... నా మాట వినవే... నే... నేనే నువ్వు..."

బామ్మగారు తన వణుకును పరాయి నోట వినడం అదే మొదలు. వింటుంటే ఒళ్లు మండింది. ఏమిటీ గోల? చెప్పేదేదో సూటిగా చెప్పి చావొచ్చు కదా?

"నువ్వు నేనైతే నా మాటే నువ్వు వినాలి!" అంది, కాయితంలో ఉన్నదే. "నీకంటే ముందున్నదాన్ని నేను. నా తర్వాత వచ్చినదానివి నువ్వు. ఎవరు ఎవరికి బుద్ధి చెప్పాలి?"

బాబాయి గోళీల బకెట్ కిందపెట్టి చెవి ఒగ్గాడు. సన్నదనం లేదు, తియ్యదనం లేదు. ముక్కుసూటిగా, కొంచెం బొంగురుగా, పెద్దవాళ్లంటే విసుగెత్తిన ఒక పిల్ల.

"ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు దర్శకుడు.

"దాచడమేమిటి? నువ్వలా వణుకుతుంటే చిరాకేసింది. అవునూ, నేను అంత ఘోరంగా వణుకుతానా?"

"ఇంకా ఎక్కువే అక్కా," అన్నాడు బాబాయి.

రికార్డింగ్ రోజున బాబాయి నేలమీద సుద్దతో రెండు గుర్తులు గీశాడు. ఎడమ గుర్తు మీద నిలబడితే బామ్మ, కుడి గుర్తు మీదికి జరిగితే పిల్ల. జరుగుతున్నప్పుడు ఓసారి మోకాలు టక్కుమంది. ఆ చప్పుడు కాస్తా పిల్ల పద్దులో పడింది. తీసేద్దామా అంటే, "ఉండనివ్వండి, కుర్చీ అనుకుంటారు," అన్నాడు బాబాయి. తన ప్రమేయం లేకుండా పుట్టిన చప్పుడును ఆయన మెచ్చుకోవడం అదొక్కసారే.

నాటకం ప్రసారమైన సాయంత్రం మొగుడికి ఏమీ చెప్పకుండా పక్కనే కూచుని బట్టలు మడతపెట్టింది. పిల్ల మొండికేసింది, వాదించింది, చివరికి మెత్తబడింది. నాన్న బండి కూత పెట్టింది. లోకంలో రైలు పుట్టింది.

"పుట్టకపోతేనే నయం, బస్సులకు గిరాకీ ఉండేది," అని వృత్తిధర్మం పాటించి, ఆయన తీర్పు మొదలుపెట్టాడు. "ముసలామె ఎప్పట్లాగే కాస్త అతి. పిల్ల మాత్రం బ్రహ్మాండంగా చేసింది. ఎవరే అది?"

"కొత్త పిల్లట."

"పైకొస్తుంది. కాకపోతే దాన్ని కట్టుకునేవాడు ఎవడో గానీ, వాడి పని అయిపోయినట్టే. ఒక్క మాట కింద పడనివ్వదు."

బామ్మగారు లుంగీ మడత పూర్తిచేసి, దొంతరమీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"కట్టుకున్నవాడు బస్సు డ్రైవరట, పాపం," అంది, వణుకన్నది లేకుండా.

రేడియో కట్టెయ్యబోతున్న ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది.