లక్ష్మీనర్సయ్య సేటు మొదటి ప్రశ్న

ఎర్రోనిగూడ కిరాణా సేటు లక్ష్మీనర్సయ్యకు ఒకే ఒక్క జబ్బు ఉండేది. నలుగురు కూర్చున్న చోట ఎవరైనా నోరుజారి "ఏమైనా అనుమానాలున్నాయా?" అన్నారంటే చాలు, ఆయన చెయ్యి లేచేది. చెయ్యి వెంట మనిషి లేచేవాడు. మనిషి వెంట ఒక ప్రశ్న లేచేది. ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువగా ఉండేదంటే, విన్నవాళ్లు ముందు నవ్వాలో, ముందు ఆయన భార్య సుమిత్రమ్మ మీద జాలిపడాలో తెలియక తికమకపడేవారు. చివరికి రెండూ కలిపే కానిచ్చేవారు.

సుమిత్రమ్మ తల వంచుకునేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఏ సభలోనూ వేదిక మీద ఎవరున్నారో చూసి ఎరగదు. చూసిందంతా తన కాళ్ల మట్టెలే.

చిత్రమేమిటంటే, దుకాణంలో ఆయన తెలివికి లోటు లేదు. సరుకు కోసం బేగంబజారు పోయాడంటే హోల్‌సేల్ వ్యాపారులు మంచినీళ్లు తెప్పించుకుని మరీ బేరానికి కూర్చునేవారు. కందిపప్పు గింజ చూసి ఏ ఊరి పంటో చెప్పే మనిషి. అలాంటివాడికి సభలో అడుగుపెట్టగానే బుర్ర ఎక్కడ జారిపోతుందో సుమిత్రమ్మకు అర్థమయ్యేది కాదు.

కూతురు తేజస్వి ఏడో తరగతిలో ఉండగా బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. హెడ్మాస్టరు గారు గంటసేపు మాట్లాడి, అనుమానాలున్నాయా అన్నారు. సేటు లేచాడు.

"సార్, లెక్కల సారు లెక్కలు చెప్తడు, తెలుగు సారు తెలుగు చెప్తడు. మరి హెడ్మాస్టర్ సారు ఏం చెప్తడు?"

బడి పెంకులు లేచిపోయేలా నవ్వారు. హెడ్మాస్టరు గారు గ్లాసెడు మంచినీళ్లు తాగారు. తేజస్వి నాలుగు రోజులు బడికి పోనని మొండికేసింది.

కంటి డాక్టర్లు ఊరికొచ్చినప్పుడు మరీ ఘోరం. "చూపులో ఏమైనా తేడా ఉందా?" అని డాక్టరు అడిగితే ముసలివాళ్లంతా మాకేం రోగం, సక్కగున్నం అన్నారు. అప్పుడు సేటు ముందుకొచ్చి, "డాక్టర్ సాబ్, నేను కండ్లు మూసుకున్నప్పుడల్ల ఏం కనిపిస్తలేదు. దీనికేమన్న మందున్నదా?" అన్నాడు. డాక్టరు స్టూలు మీదనుంచి పడబోయాడు. ఏటీఎం కార్డుల గురించి చెప్పడానికొచ్చిన బ్యాంకు ఆఫీసరునైతే, "ఆ డబ్బాల కూసునే మనిషికి ఎండకాలం ఫ్యానన్న పెట్టిండ్రా?" అని అడిగాడు.

వీటన్నిటికంటే సుమిత్రమ్మకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. సేటు అడగడంతో మీటింగు అయిపోయేది కాదు, అప్పుడే మొదలయ్యేది. ఆయన్ని చూసి ఊరంతా అడగడానికి ఎగబడేది. బడి మీటింగు రోజు ఇద్దరాడపిల్లల తల్లి సంగమ్మ లేచి ఆడపిల్లల పాయఖానాలో నీళ్లెందుకు రావని పట్టుకుంది. కంటి డాక్టరు ముందు సక్కగున్నమన్న ముసలివాళ్లే వరుస కట్టి చీకటి పడేదాకా కదలలేదు. ఆయన వల్ల సుమిత్రమ్మ పొయ్యి మీద పెట్టి వచ్చిన పప్పు ఎన్నిసార్లు మాడిందో.

ఇంతలో ఊరికి నగరం వచ్చిపడింది. మాదాపూర్ నిండిపోయి, గచ్చిబౌలి నిండిపోయి, సాఫ్ట్‌వేరు వాళ్లకు ఇళ్లు చాలక, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పొడుగునా మొక్కల కంటే బోర్డులు ఎక్కువ మొలుస్తున్న రోజులవి. ఎర్రోనిగూడ పక్కన కూడా ఒక కొత్త పేట కట్టాలని ఒక కంపెనీ ప్లాను గీసింది. గీసినవాళ్లు ఊరివాళ్ల అభిప్రాయం అడగాలని రూలట. అడగడానికి వచ్చేది మరెవరో కాదు, ఊళ్లు ఎలా కట్టాలో చదువుకుని ఆ కంపెనీలోనే చేరిన తేజస్వి.

తేజస్వి ముందురోజు ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఉదయ్‌భాస్కర్ సార్ కూడ వస్తుండు. నా జాబు పక్కా చేసేది ఈ మీటింగు చూసినంకనే. బాపును మాత్రం మాట్లాడనియ్యకు. నీకు దండం పెడ్త."

"ఆయన మూతికి నేనెట్ల తాళమేసేదే?"

"ఎట్లనో వెయ్యి. ఇంకోటమ్మా, మన పూలోళ్ల బండ్ల బాట ప్లానుల పోతున్నది. నేను సార్‌కు చెప్పిన. ఊరోళ్లు అడిగితే మారుద్దాం, అడగకపోతే ప్లాను గట్లనే ఉంటది అన్నడు."

"ఊరోళ్లకు నోరు లేదా ఏంది. అడుగుతరు తియ్."

ఆ బాట చిన్నదే. ఊరి వెనక చామంతి, బంతి తోటల నుంచి పెద్ద రోడ్డుకు అడ్డదారిగా వస్తుంది. పూల గంపలు ఆ బాటన రోడ్డెక్కి, పొద్దు పొడవకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చేరాలి. బాట మూసి గోడ కడితే గంపలు ఊరు చుట్టూ తిరిగి పోవాలి. అవి చేరేసరికి మార్కెట్ ఖాళీ అవుతుంది, వాడిన పూలు ఆవుల పాలవుతాయి.

సుమిత్రమ్మ ఫోన్ పెట్టేసి భర్త ముందు నిలబడింది.

"నా మీద ఒట్టెయ్యిన్రి. రేపు మీటింగుల ఒక్క ప్రశ్న అడగనని."

"ఏ చెయ్యి పెట్టాలె? కుడిదా, ఎడమదా?"

"గిదే వద్దంటున్న."

"చిన్నదైతే అడగొచ్చా?"

"వద్దు."

"మీటింగు అయిపోయినంక?"

"బిడ్డ నౌకరీ సంగతి. మీకు దండం పెడ్త."

ఆ మాటతో సేటు మెత్తబడి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. పెట్టాక చాలాసేపు దిగాలుగా గల్లాపెట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. పట్టాభిషేకం ముందురోజు అడవికి పొమ్మన్నట్టు ఉంది ముఖం.

మర్నాడు పొద్దున పూలతోట బాలనర్సమ్మ అగర్బత్తీల కోసం దుకాణానికి వచ్చింది. "సేటు, మీటింగుకు వస్తవు గద? ముందటనే కూసుంటవు గద?" అని రెండుసార్లు అడిగింది. సేటు అగర్బత్తీలు పొట్లం కడుతూ ఉండిపోయాడు. సుమిత్రమ్మే చెప్పింది, ఈసారి ఆయన మాట్లాడడని, ఒట్టు వేశాడని. బాలనర్సమ్మ ముఖం మాడిపోయింది. కొన్న అగర్బత్తీలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. వీళ్లకు మా ఆయన సర్కసు కావాలి గావును అనుకుంది సుమిత్రమ్మ, కాస్త కోపంగానే.

మీటింగు పంచాయతీ హాలులో. గోడకు తెల్ల దుప్పటి కట్టి దాని మీద బొమ్మలు వేశారు. సుమిత్రమ్మ కొంగున పటికబెల్లం ముక్కలు ముడివేసుకుని వచ్చింది. భర్తను గోడ వారన కూర్చోబెట్టి, తను ఇవతల కూర్చుని, ఆయన బుగ్గన ఒక ముక్క పెట్టింది. అది కరిగితే ఇంకొకటి.

తేజస్వి భయపడుతూనే మొదలుపెట్టి చక్కగా చెప్పింది. దుప్పటి మీద వెడల్పు రోడ్లు, ఎగిరే ఫౌంటెన్లు, ఎండ పడనివ్వని చెట్లు. ఆ చెట్ల కింద బొమ్మ మనుషులు బొచ్చుకుక్కల్ని పట్టుకుని షికారు పోతున్నారు. వాళ్లలో ఒక్కరూ ఎర్రోనిగూడ పోలికల్లో లేరు. ఊరివాళ్లు పెళ్లిలో వీడియో చూసినట్టు చూశారు.

ఉదయ్‌భాస్కర్ లేచి టై సర్దుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ఎప్పుడూ ఇంకో మీటింగుకు ఆలస్యమైపోతూ ఉంటాడు.

"థాంక్యూ తేజస్వి. ఇది మీ అందరి ప్రాజెక్టు. ఎవరికైనా ఏమైనా అనుమానాలున్నాయా?"

సేటు చెయ్యి దానంతటదే లేచింది. సుమిత్రమ్మ గబుక్కున పట్టుకుని కిందికి లాగి, రెండో బుగ్గన కూడా ఒక ముక్క కూరింది. సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు ఒకటే ఊపుతున్నాడు.

ఎవరూ లేవలేదు. సుమిత్రమ్మ తృప్తిగా తల ఎత్తింది. ఎత్తి చూస్తే ఒక్కరూ దుప్పటి వైపు చూడటంలేదు. ఊరు ఊరంతా మెడలు తిప్పి సేటునే చూస్తోంది. వెనక వరుసలో రైతు అంజిలయ్య నోరు తెరిచి, మూసి, మళ్లీ సేటు వైపే చూశాడు.

బాలనర్సమ్మ మోకాళ్ల మీద జరిగి వచ్చి చెవిలో గొణిగింది.

"సుమిత్రమ్మా, సేటును ఒక్కటన్న అడగనియ్యి."

"నీకు నవ్వులాటనా అవ్వా? నా బిడ్డ నౌకరీ పోతది."

"నవ్వులాట గాదమ్మా. ఆయన అడిగినంకనే మాకు నోరు పెగులుతది. మేం ఎంత ఎడ్డిగ అడిగినా ఆయన అంత ఎడ్డిగ అడగం గద. గా ధైర్యం మీదనే వస్తిమి. గిప్పుడు నేను లేస్తె అందరు నన్నే నవ్వుతరు."

సుమిత్రమ్మకు బుర్రలో దీపం వెలిగినట్టయింది. హెడ్మాస్టరు, ఆ వెంటనే సంగమ్మ. కళ్ల డాక్టరు, ఆ వెంటనే ముసలివాళ్ల వరుస. ప్రతిసారీ మొదటి నవ్వు ఈయన నెత్తిన వేసుకున్నాడు, తర్వాత అడిగినవాళ్లను చూసి నవ్వడానికి ఎవరికీ నవ్వు మిగల్లేదు. ముప్పై ఏళ్లుగా తను మట్టెలు చూస్తూ కూర్చుంది. ఆమెకు భర్త మీద ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ, అంతకు రెట్టింపు కోపం వచ్చాయి. పక్కకు చూస్తే ఆ మహానుభావుడు రెండు బుగ్గలూ ఉబ్బించుకుని దోషిలా కూర్చున్నాడు.

"ఓకే. తేజస్వి, అభ్యంతరాలు ఏమీ లేవని రాసుకో," అన్నాడు ఉదయ్‌భాస్కర్, గడియారం చూసుకుంటూ.

తేజస్వి పెన్ను మూత తీసింది. మూత కింద పడింది. దాన్ని వెతకడానికి ఆ పిల్ల బల్ల కిందికి దూరి ఎంతకీ పైకి రాదు. తన కూతురు కూడా ఎదురుచూస్తోందని సుమిత్రమ్మకు అర్థమైంది. ఇప్పుడు సేటు ఒట్టు తీసి గట్టున పెడదామన్నా, ఆయన నోట్లో బెల్లం కరిగేసరికి సారు కారెక్కేస్తాడు.

సుమిత్రమ్మ లేచి నిలబడింది.

"సార్, నాదొక అనుమానం."

బల్ల కింద ఠంగుమని చప్పుడైంది. తేజస్వి తల తగిలింది.

"చెప్పండమ్మా."

చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. దుప్పటి వైపు చూసింది. చూసిందే అడిగేసింది.

"గా బొమ్మల అందరు కుక్కల్ని పట్టుకొని తిరుగుతున్నరు. మరి మా ఊరి కుక్కలు వాటిని రానిస్తయా?"

నవ్వులతో హాలు పగిలిపోయింది. ఉదయ్‌భాస్కర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. వెనకనుంచి రామమ్మ అనే ముసలామె లేచింది.

"రానియ్యవు సార్. మొన్న మా అల్లున్నే రానియ్యలే."

ఇంకో విడత నవ్వు. ఆ నవ్వులోనే అంజిలయ్య లేచి, ఇన్ని ఇళ్లకు బోర్లు వేస్తే మా బావుల్లో నీళ్లుంటయా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అప్పుడు బాలనర్సమ్మ కూడా లేచింది, సుమిత్రమ్మ భుజం ఊతంగా పట్టుకుని.

"సార్, గక్కడ నీళ్లు ఎగురుతున్నయి చూడున్రి. గది మా బాట."

"ఎక్కడమ్మా? ఈ ఫౌంటెన్ దగ్గరా?"

"ఆఁ. నా పూలు తెల్లారకముందే గా బాటనే పోవాలె. గోడ కడితే నా తోట ఉన్నా లేనట్టే. మీ ఫౌంటెన్ జర పక్కకు జరిపితే మీదేం పోతది సార్?"

ఉదయ్‌భాస్కర్ బొమ్మ వైపు చూశాడు. నవ్వి నవ్వి ఉన్నాడేమో, గడియారం చూడటం మరిచిపోయాడు. "జరపొచ్చు. తేజస్వి, రాసుకున్నావా?"

"రాసుకున్నాను సార్," అంది తేజస్వి, ఒక చేత్తో నెత్తి రుద్దుకుంటూ.

మీటింగు దీపాల వేళ దాకా సాగింది. సుమిత్రమ్మ ఇంట్లో పప్పు మళ్లీ మాడింది.

ఇంటికి పోతూ సుమిత్రమ్మ దుకాణం మలుపు దగ్గర ఆగింది.

"కావాలనే గట్ల అడుగుతున్నరని ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

సేటు చివరి బెల్లం ముక్క చప్పరించడం ఆపాడు. "చెప్తె నువ్వు తలకాయ వంచుకోవు. నువ్వు సిగ్గుతోని గట్ల తలకాయ వంచుకుంటనే గద, నేను నిజంగనే ఎడ్డోన్నని జనాలు నమ్మేది. సగం పని నీదే."

"అంటె తెల్వక అడిగింది ఒక్కటి గూడ లేదా?"

"ఒకటున్నది. హెడ్మాస్టర్ ఏం చెప్తడో నాకు ఇప్పటికీ తెల్వదు."

నెల తిరగకుండానే కొత్త ప్లాను వచ్చింది. ఫౌంటెన్ పక్కకు జరిగింది, బండ్ల బాట ఉన్నచోటే ఉంది. తేజస్వి ఉద్యోగం పక్కా అయింది. ఇంతగా నోరు విప్పిన ఊరిని తానెక్కడా చూడలేదని ఉదయ్‌భాస్కర్ మిగతా ఊళ్ల మీటింగులన్నీ ఆ పిల్లకే అప్పగించాడట. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, చివర్లో నసిగింది.

"అమ్మా, బేస్తారం మన పక్కనున్న ప్రొద్దుటూరుల మీటింగు. వాళ్లు అస్సలు మాట్లాడరంట. బాపును జర తోల్కొని రారాదు?"

సుమిత్రమ్మ ఫోన్ చేత్తో మూసి భర్తను పిలిచింది. సేటు సంగతి విని, తూకం వేస్తున్న శనగపప్పు పక్కన పెట్టి, తీరిగ్గా ఆలోచించాడు.

"పోదాం. కాకపోతే ఈసారి గూడ నువ్వే అడుగు," అన్నాడు. "తలకాయ వంచుకునుడు నేను నేర్చుకుంట."