చిదోరి స్నానశాల ముందు తెల్ల లాంతరు

ఇసోఉర రేవుకి సముద్రం మీద నుంచి వచ్చేవాళ్ళకి ముందుగా కనబడేది కొండా కాదు, గుడీ కాదు, చిదోరి స్నానశాల పొగగొట్టం. వేటకి వెళ్ళిన పడవలవాళ్ళు దాన్ని చూసే దిక్కు సరిచూసుకునేవారు. దాని కిందే, వేడినీళ్ళ ఆవిరిలో, ఫుసాయో పుట్టి పెరిగింది. ఆవిరిలో పెరిగినవాళ్ళకి లోకం అంచులు కాస్త కరిగినట్టు కనబడతాయేమో, అరవై దాటాక కూడా ఆమె ముఖంలో అప్పుడే నిద్ర లేచిన పిల్ల చూపు ఒకటి ఉండేది. "మా ఆవిడ సగం ఇక్కడ, సగం చుక్కల్లో," అని ఆమె భర్త యసుజి పొయ్యిలోకి కట్టెలు తోస్తూ వచ్చేపోయేవాళ్ళతో అనేవాడు.

ఆ మాటలో వేళాకోళం ఎంతో నిజమూ అంతే. ఆ చుక్కల సంగతి తెలియాలంటే ఆమె చిన్నతనానికి వెళ్ళాలి.

ఫుసాయో బడిలో చేరిన ఏడు వాళ్ళ నాన్న ఎక్కిన ట్యూనా చేపల పడవ దక్షిణాన ఎక్కడో తుఫానులో చిక్కి కనబడకుండా పోయింది. చెక్క ముక్క కూడా దొరకలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు ఏడ్చి ఏడ్చి, బూడిద లేని ఉత్త కుండలకే గుడిలో కర్మ చేయించుకున్నారు. ఆ వేసవిలో బోన్ పండుగ వచ్చింది. పోయినవాళ్ళు ఇళ్ళకి తిరిగివచ్చే రోజులవి. ఆ ఏడు కొత్తగా మనిషిని పోగొట్టుకున్న ఇంటి చూరుకి తెల్ల లాంతరు కడతారు, మొదటిసారి వచ్చే ఆత్మ ఇల్లు పోల్చుకోవాలి కదా. వీధి పొడవునా తెల్ల లాంతర్లు వెలిగాయి. చిదోరి స్నానశాల చూరు మాత్రం చీకటిగానే ఉండిపోయింది.

"అది పోయినవాళ్ళకి కట్టేది. మా ఆయన పోలేదు, రావడం ఆలస్యమైంది," అంది ఫుసాయో తల్లి తోమె. అని, వాకిట్లో డబ్బులు తీసుకునే ఎత్తుపీట మీద ఎప్పటిలాగే కూర్చుంది. మళ్ళీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఎవరికి గుండె ధైర్యం ఉంటుంది?

ఆ ఏడే ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో ఎత్తున బల్ల కొట్టి టీవీ పెట్టించారు. ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళు అక్కడక్కడా ఉన్న కాలం. గురువారం సాయంత్రం 'చుక్కల దీపస్తంభం' వచ్చేవేళకి పిల్లలంతా స్నానం వంకతో తల్లుల్ని ఈడ్చుకుంటూ దిగేవారు. లోకాలన్నిటికీ ఆఖర్న, రాతిముక్కంత గ్రహం మీద ఒక దీపస్తంభం. దానికి ఒక్కడే కావలివాడు. దారి తప్పిన అంతరిక్ష నౌక ఒకటి ఏనాటికైనా వస్తుందని కాచుకుని ఉంటాడు. వారం వారం ఇంకెవరెవరో వస్తారు, రెక్కలు విరిగినవాళ్ళు, మాట పోయినవాళ్ళు, ఇల్లు మరిచిపోయినవాళ్ళు. వాళ్ళకి వేడిగా చారు పోసి, దారి చూపించి పంపుతాడు. ఆ నౌక మాత్రం రాదు. ఆఖర్న ఆయన పెద్ద గాజుదీపాన్ని మెల్లగా తిప్పి, చీకట్లోకి చూస్తూ అంటాడు: "దీపం వెలుగుతూనే ఉంది. మెల్లగా రండి."

"వస్తున్నాం!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచేవారు, తువ్వాళ్ళు చుట్టుకుని, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, మూతులకి పాలమీగడ అంటుకుని. ఫుసాయో అరుపు అందరికన్నా గట్టిగా ఉండేది. ఎత్తుపీట మీద తోమె ఒక్కనాడూ టీవీ వైపు తల తిప్పేది కాదు. చిల్లర సర్దుకుంటూ ఉండేది.

కావలివాడి వేషం వేసిన నటుడు షికమా ర్యోజో. పిల్లలకి ఆ పేరుతో పనేముంది, వాళ్ళకి ఆయన దీపాల మామయ్య. దీపస్తంభం అట్టతో చేసిందని, గ్రహం సున్నపు ముద్ద అని పెద్దయ్యాక అందరికీ తెలిసింది. తెలిసినా ఎవరికీ ఏమీ తరగలేదు. చూసేవాళ్ళు తగ్గారని ఆ ధారావాహికని నడిమధ్యలో ఆపేశారు. నౌక వచ్చిందో లేదో చెప్పకుండానే! పిల్లల్ని వాకిట్లో కూర్చోబెట్టి తలుపు వేసుకోవడమంటే ఇదే. ఫుసాయోకి ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయన్ని కళ్ళారా చూసింది. రేవులో చేపల సంత జరుగుతుంటే షికమా ర్యోజోని పిలిపించి, పీతల గంపల పక్కన చెక్కల వేదిక మీద నిలబెట్టారు. జుట్టు నెరిసింది, పాత వేషం పొట్ట దగ్గర బిగుసుకుంది. చుట్టూ పెద్దగా జనం లేరు. ఫుసాయో దగ్గరికి వెళ్ళి, ఇంతకాలం దాచుకున్నది అడిగేసింది.

"ఆ నౌక వచ్చిందాండీ?"

ఆయన నవ్వలేదు. కాసేపు సముద్రం వైపు చూశాడు.

"ఆ సంగతి రాసినవాళ్ళకి తెలియాలమ్మా. నేను మాత్రం దీపం ఆర్పలేదు."

ఆ మాట పట్టుకుని ఆమె చాలా కాలం బతికింది.

ఈ ఏడు వసంతంలో ఆయన పోయాడు. అయినవాళ్ళు మాత్రమే కూడి గుట్టుగా అంత్యక్రియలు చేసుకుని, అంతా అయ్యాక పేపర్లో నాలుగు ముక్కలు వేయించారు. పువ్వులు, సంతాపాలు వద్దన్నారు. వాళ్ళ దుఃఖం వాళ్ళది, కాదనడానికి ఎవరం? కానీ దీపాల మామయ్య పిల్లలు ఎక్కడికి పోవాలి? మొక్కడానికి ఒక పటం లేదు, అగరుబత్తి గుచ్చడానికి చారెడు బూడిద లేదు.

ఫుసాయో కబురు పంపితే, ఒకప్పుడు అక్కడ టీవీ చూసిన పిల్లలు స్నానశాల సెలవురోజున ఒక్కొక్కరే చిదోరికి చేరారు. పెరుగులాంటి మెత్తని తోఫూ చేసి అమ్మే గోయిచి వచ్చాడు, చిన్నప్పుడు ఫుసాయో పక్కన కూర్చుని పాలసీసా లాక్కునేవాడు వాడే. పొరుగూళ్ళ నుంచి ఇంకా కొందరు బట్టతలల వాళ్ళు, మోకాళ్ళనొప్పుల వాళ్ళు. రైళ్ళు నడిపి రిటైరైన కురహషి అనే ఆయన మాత్రం బాగా దూరం నుంచి వచ్చాడు. పెట్టెలోంచి దీపస్తంభం బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఆవిడ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదండీ. పైనుంచి వింటే చంపేస్తుంది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"అక్కడ మామయ్య ఉన్నాడుగా, సర్దిచెబుతాడులే," అన్నాడు గోయిచి. ఆ మాటకి అందరూ నవ్వారు, నవ్వు మధ్యలోనే మళ్ళీ ఏడ్చారు.

బొమ్మ ముందు, చిన్నప్పుడు స్నానమయ్యాక తాగే పళ్ళరసం కలిపిన పాలు ఒక సీసా పెట్టారు. ఆయన్ని సాగనంపామన్న తృప్తి మాత్రం ఎవరికీ కలగలేదు. వేసవి ముదిరి బోన్ పండుగ దగ్గరికొచ్చేసరికి ఫుసాయో గోయిచిని వెంటబెట్టుకుని వెళ్ళి తెల్ల లాంతరు కొనుక్కొచ్చింది.

యసుజి అది చూసి చేతిలో కట్టె కింద పెట్టేశాడు. "అది ఇంటివాళ్ళు కట్టాల్సింది కదే."

"ఇంటివాళ్ళం కామా? వారం వారం మనింటికి వచ్చాడుగా ఆయన."

"సరే, నీ ఇష్టం. ఊరు ఊరుకోదు, చెబుతున్నా."

ఊరుకోలేదు మరి. పండుగ మొదటి సాయంత్రం, సముద్రం మీద నుంచి పల్చటి పొగమంచు వీధిలోకి జారుతుంటే, ఫుసాయో లాంతరుని చూరుకి కట్టి లోపలి బల్బు వెలిగించింది. ఆ వీధిలో తెల్ల లాంతరు వెలిగిందంటే ఒకటే అర్థం, ఆ ఇంట్లో ఎవరో పోయారు. చిదోరిలో పోవడానికి సిద్ధంగా ఉన్న వయసు ఒక్కరిదే. తొంభై దాటిన తోమెది.

అరగంటలో గోయిచి భార్య నల్లబట్టలు కట్టుకుని, చేతికి జపమాల చుట్టుకుని, సంతాపపు డబ్బు పెట్టిన కవరుతో గుమ్మంలోకి వచ్చింది. లాంతరు సంగతి గోయిచి ఇంట్లో చెప్పడం మరిచిపోయాడు. ఆవిడ తల వంచుకునే మొదలుపెట్టింది. "తోమె అవ్వ ఎంత మంచి మనిషి. ఇంత హఠాత్తుగా..."

"స్నానానికొచ్చావా, ఏడవడానికొచ్చావా?" అని ఎత్తుపీట మీద నుంచి వినిపించింది.

ఆవిడ తలెత్తి చూసి కెవ్వుమంది.

"ఎవరు పోయారే? నేనేనా?" అంది తోమె. "పోతే నాకు చెప్పరా మరి?"

వెనకాల ఇంకో ఇద్దరు కవర్లతో నిలబడ్డారు. వాళ్ళ వెనక వీధి పెద్ద హమనో కూడా వచ్చాడు. సంగతి తెలిసి మిగతావాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వుకుంటే, ఆయన మాత్రం నవ్వలేదు. బయటికి వెళ్ళి లాంతరు కింద నిలబడ్డాడు.

"తీసెయ్, ఫుసాయో."

"ఎందుకు తియ్యాలి, హమనో గారూ?"

"టీవీలో వేషం వేసినాయనకా ఇది? ఆయనకి పెళ్ళాం లేదా, పిల్లలు లేరా? ఇవాళ ఆ మనిషి వాళ్ళింటికి వెళ్ళాలి. నువ్విక్కడ దీపం పెట్టి దారి మళ్ళిస్తే వాళ్ళ గతేంటి? నిజంగా మనిషిని పోగొట్టుకుని లాంతరు కట్టినవాళ్ళ కళ్ళ ముందు ఇదేం ఆటే?"

గోయిచి, కురహషి, తక్కినవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. హమనో అన్నదాంట్లో న్యాయం ఉంది, అదే ఇబ్బంది. ఫుసాయో చెయ్యి లాంతరు తాడు దాకా వెళ్ళింది. తీసేస్తే ఆయన్ని ఈ జన్మకి సాగనంపనట్టే. తియ్యకపోతే ఎవరి ఇంటి మనిషినో దొంగిలించినట్టు.

"ఎవరికి కట్టావే అది?"

తోమె ఎత్తుపీట దిగి గుమ్మం దాకా వచ్చింది. ఆమె అలా దిగి రావడం ఊళ్ళో ఎవరూ చూసి చాలా కాలమైంది. యసుజి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"దీపాల మామయ్యకమ్మా."

"ఆయనకేనా?"

ఫుసాయోకి అరవై ఏళ్ళ వయసు ఒక్కసారిగా ఎటో పోయింది. తువ్వాలు చుట్టుకుని టీవీ ముందు కూర్చున్న పిల్ల, అందరికన్నా గట్టిగా అరిచిన పిల్ల, ఆ అరుపు ఎవరికి వినిపించాలని అరిచేదో తనకే అప్పుడు తెలిసింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి.

"మనం నాన్నకి కట్టలేదు కదమ్మా," అంది.

ఊరంతటికీ తెలిసిన ఆ మాటని ఇన్నేళ్ళలో ఎవరూ ఆ గుమ్మంలో అనలేదు. హమనో తల దించుకున్నాడు. అదే పడవలో ఆయన పెద్దన్న కూడా వెళ్ళాడు.

తోమె లాంతరు వైపు చాలాసేపు చూసింది. పొగమంచులో ఆ తెల్లటి వెలుగు చుట్టూ పల్చగా పరుచుకుని ఉంది. ఎక్కడి నుంచో అగరు వాసన వచ్చింది.

"గురువారం గురువారం వినేదాన్నే," అంది తనలో తాను అన్నట్టు. "దీపం వెలుగుతూనే ఉందని ఆ మనిషి అనేవాడు. మన గుమ్మంలో చీకటి పెట్టుకుని నేను అది వింటూ కూర్చునేదాన్ని."

తర్వాత గొంతు పెంచింది, ఎత్తుపీట మీద కూర్చుని పిల్లల్ని అదిలించే గొంతు అది. "ఇదేం కట్టడమే, ఇంత కిందికి? మీ నాన్నకి అసలే చూపు తక్కువ. సముద్రం మీద నుంచి ఇదేం కనబడుతుంది?"

"ఎక్కడ కట్టమంటావమ్మా?"

"పొగగొట్టానికి కట్టు. దాన్ని చూసేగా ఆయన రేవులోకి వచ్చేవాడు."

యసుజి పైకి చూసి తల పట్టుకున్నాడు. "ఈ వయసులో నన్ను పొగగొట్టం ఎక్కిస్తారా?" అన్నాడు గానీ, అప్పటికే చెప్పులు విడిచేస్తున్నాడు. గోయిచి పొడవాటి తీగ తెచ్చాడు. నిచ్చెన తెచ్చింది మాత్రం హమనో. తెచ్చి గోడకి ఆనించి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

యసుజి ఇనుప మెట్ల మీద మెల్లగా ఎక్కాడు. కింద ముసలి పిల్లలంతా తలలెత్తి నిలబడ్డారు.

"ఇక్కడ చాలా అత్తయ్యా?" అని పైనుంచి కేకేశాడు.

"ఇంకా పైకి," అంది తోమె.