జరీ అంచు మిగిలిన పెళ్లికొడుకు

మా బొమ్మల కొలువులో పెళ్లికొడుకు పంచె ఎలుక కొట్టేసిందని అపార్ట్‌మెంటులో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. నల్లగండ్లలో, అంత ఎత్తు టవర్లో, లిఫ్టెక్కి వచ్చి, ట్రంకు పెట్టె తాళం తీసుకుని, పంచె తినేసి, మళ్లీ బుద్ధిగా తాళం వేసి వెళ్లిన ఎలుక ఉంటే నాకు చూపించండి. హారతిచ్చి పంపిస్తాను.

ఆ దసరాకి పేరంటానికి అందరినీ పిలిచాను. పిలిచి ఊరుకుంటే నేనెందుకవుతాను? ఆ వారమంతా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో బొద్దింకల గోలే నడుస్తోంది. "మా ఇంట్లో చీమ కూడా కనపడదు, వచ్చి చూసుకోండి" అని రాసేశాను. పేరంటం నాటి మధ్యాహ్నం అటక మీంచి పెట్టె దింపించి పెళ్లిబొమ్మల్ని విప్పి చూద్దును కదా, పెళ్లికొడుక్కి నా పెళ్లిచీర ముక్కతో కట్టిన పట్టుపంచె లేదు. జరీ అంచొక్కటే మొలతాడులా వేలాడుతోంది. నా పాత సవరంలోంచి కత్తిరించి పెళ్లికూతురికి అతికించిన జుట్టు మాయం. బోడిగుండు! పక్కన నూలు పంచె కట్టిన శెట్టిబొమ్మ మాత్రం బొజ్జ మీద చెయ్యేసుకుని నిక్షేపంగా కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే కింది ఫ్లాటు వదిన వచ్చింది. వరంగల్ మనిషి. బతుకమ్మకని చందానగర్ మార్కెట్లో కొన్న చామంతులు మిగిలితే ఏటా నాకే తెచ్చిస్తుంది.

"ఏంది వదినా, పిలగానికి గోచి గూడ లేదు! గిట్లనే పెండ్లి జేస్తవా?"

"నవ్వకు వదినా, ఇంకాసేపట్లో జనం వస్తారు. నా పరువు పోతుంది."

"చీమ గూడ కనవడదని రాస్తివి గద. కరెక్టే. చీమ కాదు గిది."

ఆమె నవ్వుతూ నేల మీద కూలబడింది. ఆమెను చూసి నేనూ కూలబడ్డాను. పెళ్లికొడుకుని చూసిన ప్రతిసారీ మళ్లీ నవ్వు మొదలు.

ఫోను లైటు వేసి పెట్టె మూలలు వెతికితే దొరికింది దొంగ. బియ్యపుగింజలో సగం లేదు, ఒళ్లంతా గోధుమరంగు నూగు. వెలుతురు పడగానే గుడ్డ కిందకి పరుగో పరుగు. చుట్టూ అది విడిచిన తొక్కలు. మా ఆయన చెవులకి హెడ్‌సెట్టుతోనే వచ్చి, ఫోనులో చూసి తేల్చారు. "కార్పెట్ బీటిల్ పిల్ల."

"మనింట్లో కార్పెట్ ఎక్కడుందండీ?"

"పేరే అంత. పట్టు, ఉన్ని, వెంట్రుకలు తింటుందట. నూలు జోలికి పెద్దగా రాదట. రెక్కలొచ్చాక పువ్వుల్లో పుప్పొడి తింటుందట" అని చదివి, మీటింగు పిలిస్తే వెళ్లిపోయారు.

వదిన కిందికి పరిగెత్తి జాకెట్టుకి మిగిలిన పోచంపల్లి నూలు ముక్క తెచ్చింది. పెళ్లికొడుక్కి పంచె కట్టాం. బోడిగుండు కనపడకుండా పెళ్లికూతురికి చామంతుల పూలజడ చుట్టాం. "గుండు సంగతి ఎవ్వలకు ఎర్కగాదు. జర నువ్వు నవ్వకు, చాలు."

పేరంటం మహా జోరుగా సాగింది. పూలజడని అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ మాత్రం "ఈసారి పెళ్లికొడుక్కి పట్టు కట్టలేదేంటండీ?" అని అడిగింది. నన్ను కాపాడాలనుకుని వదిన టక్కున అనేసింది, "ఎలుక కొట్టిందమ్మా." పురుగు కన్నా ఎలుక మర్యాద అనుకుంది మహాతల్లి! నేను నోరు తెరిచేలోగా పెళ్లికూతురి జడలోంచి ఆవగింజ కన్నా కాస్త పెద్ద పురుగు, గుండ్రంగా, నలుపూ తెలుపూ గోధుమా చుక్కలతో, నుదుటి మీదికి నడిచొచ్చి బొట్టులా ఆగింది. ఎవరూ చూడకముందే కిటికీ వెలుతురు వైపు ఎగిరిపోయింది.

అందరూ వెళ్లాక వదినని పట్టుకున్నాను. "నీ చామంతుల్లో వచ్చింది వదినా. నా ఇంటిది కాదు."

"నా పూలల్ల ఏం లేదు. నీ పెట్టెల పుట్టింది, నీ పట్టు తిని బలిసింది, పూలు జూసి బైటికొచ్చింది."

"మరి దాని తల్లి నా పెట్టెలోకి ఎలా వెళ్లిందంటావ్?"

అనేశాక నాకే గుర్తొచ్చింది. కొలువు ఎత్తేటప్పుడు పెళ్లికూతురి తలలో పూలు తీయకుండా అలాగే పడుకోబెట్టి పెట్టెలో సర్దడం మా అమ్మ నేర్పిన ఆచారం. నిరుడూ వదిన ఇచ్చిన చామంతులతో అలాగే సర్దాను. నా మొహం చూసి వదిన అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పెళ్లికూతురి పూలు తీసేసి సర్దుతున్నాను. చీమ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, తీసుకోను. కానీ ఒక్కటి తేలాలి. తల్లేమో నిరుడు వదిన వాళ్ల పూలలో వచ్చింది. పిల్లేమో నా పెళ్లిపట్టు ముక్క తిని పెరిగింది. కిటికీ దగ్గరికి ఎగిరిపోయిన ఆ చుక్కలది, ఇంతకీ వాళ్లింటి పిల్లా, మా ఇంటి పిల్లా?